మలుపులో తొంభై మూడు రాళ్ళు

ఏటి మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన్ని ఎరిగినవాళ్ళు మొదట చెప్పే మాట ఇదే. పనితనం గురించి అడిగితే మాత్రం ఒక్క క్షణం ఆగి, "పనిలో వంక పెట్టలేం" అని ఒప్పుకుంటారు. అలా ఒప్పుకోవాల్సి వచ్చినందుకు వాళ్ళ ముఖాలు కాస్త మాడతాయి కూడా.

ఆయన పని నదులు కట్టడం. నవ్వకండి, నిజంగానే. ఆ ఊళ్ళో నీటి పరిశోధన కేంద్రం ఒకటుంది. దాని వెనకాల రేకుల షెడ్డు. ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివరనున్నవాడికి వినపడనంత పొడుగు. ఎక్కడైనా వంతెనో, వరద గోడో కట్టాలంటే ముందు ఆ నదిని ఈ షెడ్డులో నూరో వంతు కొలతలో కడతారు. ఒడ్డుకు ఒడ్డు, మలుపుకు మలుపు, దిబ్బకు దిబ్బ. పంపు వేసి నీళ్ళు వదిలి, పైన కాగితం ముక్కలు చల్లి, ప్రవాహం ఎటు తిరుగుతోంది, ఎక్కడ ఒడ్డును కొరుకుతోంది, ఎంత ఎత్తుకు లేస్తోంది చూస్తారు. చూసి రాసుకునేది ఇంజినీర్లు. కట్టేది మేస్త్రి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన పన్నెండు నదులు కట్టాడు. పన్నెండూ ఇప్పటికీ ఆ షెడ్డులో పక్కపక్కనే ఉన్నాయి.

పంతొమ్మిదో ఏట ఇసక తట్టలు మొయ్యడానికి చేరాడు. అప్పటి పెద్దమేస్త్రి మహా గడుసువాడు. మూడేళ్ళు ఇసకే మోయించాడు. నాలుగో ఏట తాపీ చేతికిచ్చాడు. ఆ ఏడే పంపు బెల్టులో పడి మనవాడి కుడి బొటనవేలి కొస ఏటవాలుగా తెగిపోయింది. పెద్దమేస్త్రి గుడ్డ పీలిక చుట్టి, "వేలు పోతే పోయింది, చెయ్యుంది కదా, ఆ గట్టు పని కానివ్వు" అన్నాడు. మనవాడు కానిచ్చాడు. అలాంటి చోట పని నేర్చుకున్నవాడికి మెత్తని మాటలు ఎక్కడినుంచి వస్తాయి?

అసలు విద్య కూడా ఆ పెద్దమేస్త్రి దగ్గరే అబ్బింది. అది రాళ్ళు అతికించడం. కుదించిన నదిలో ఒక చిక్కుంది. సిమెంటు నేల నున్నగా ఉంటుంది కాబట్టి నీళ్ళు జర్రున జారిపోతాయి. అసలు నదిలో అలా జారవు. ఇసక, గడ్డి, గుంటలు, పొదలు అన్నీ నీటిని పట్టి వెనక్కి లాగుతుంటాయి. ఆ లాగుడు షెడ్డులో కూడా రావాలంటే నేల మీద నిమ్మకాయంత రాళ్ళను సిమెంటు ముద్దతో అక్కడొకటి ఇక్కడొకటి అతికించాలి. ఎక్కడ అతికించాలో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఒక రాయి పెట్టడం, నీళ్ళు వదలడం, చూడడం, పీకడం, జానెడు అవతల పెట్టడం. వెనకటి పెద్ద వరదలో నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో చెప్పే గీత వంతెన స్తంభం మీద ఉంటుంది. షెడ్డులోని బుల్లి స్తంభం మీద కూడా నీళ్ళు సరిగ్గా ఆ గీత దగ్గరికొచ్చి ఆగేదాకా రాళ్ళు జరుపుతూనే ఉండాలి. ఆగాయంటే ఆ నది సిద్ధమైనట్టు. ఒక్కో నదికి ఆర్నెల్లు పట్టేది.

"ఏ రాయి ఎక్కడుందో కాగితం మీద పెట్టకురా," అని పెద్దమేస్త్రి చెప్పాడు. "పెట్టావంటే నీతో పనేముంటుంది వీళ్ళకి?"

మన మేస్త్రి పెట్టలేదు. పైగా తానతికించిన రాళ్ళకూ, అసలు నదిలో ఉన్నవని చూసి కట్టిన బండలకూ ఒకే మట్టిరంగు సిమెంటు పూత పూసేవాడు. చూసేవాడికి ఏది ఏటి బండో ఏది మేస్త్రి రాయో తెలిసేది కాదు. పాత ఇంజినీర్లకు రాళ్ళున్నాయని తెలుసు, ఎక్కడున్నాయో తెలియదు. ఏదైనా మార్చాలంటే మేస్త్రిని పిలిచేవారు. ఆ పాతవాళ్ళు ఒక్కొక్కరే రిటైరయ్యారు. ఇప్పుడున్న డైరెక్టరు వేరే శాఖనుంచి వచ్చినవాడు. ఆయనకు షెడ్డు అంటే కరెంటు ఖర్చు, దోమలు.

ఇంతటి మేస్త్రికి శత్రువు బయటినుంచి రాలేదు. సొంత అక్క కూతురే వచ్చింది.

ఆ పిల్ల ఎనిమిదేళ్ళప్పుడు సెలవుల్లో మేనమామ వెంట షెడ్డుకు వెళ్ళేది. నీళ్ళమీద కాగితం ముక్కలు చల్లే పని ఆమెదే. ఒకరోజు గట్టు దగ్గర చిక్కుకున్న ముక్కను తీయబోయి, చెప్పుకాలు ఇంకా ఆరని ఒడ్డు మీద వేసింది. నాలుగు నెలల పని ఒక్క అడుగుతో నీళ్ళలోకి జారిపోయింది. మేస్త్రి వెనకా ముందూ చూడలేదు. పదకొండు మంది పనివాళ్ళ ఎదుట చెంప ఛెళ్ళుమనిపించి, "ఇంకోసారి ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నాడు. పిల్ల ఏడవలేదు. ఏడవకపోయేసరికి ఆయనకు ఇంకా మండింది.

ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు. కంప్యూటర్లు చదివింది, నీటి లెక్కలు చదివింది, రెండేళ్ళ కిందట తిన్నగా ఇదే కేంద్రానికి సైంటిస్టుగా వచ్చి కూర్చుంది. చేరిన రోజు వాచ్‌మన్‌తో సహా అందరినీ పలకరించింది, మేనమామను తప్ప. మేస్త్రి మాత్రం తక్కువ తిన్నాడా? ఆమె ఎదురొస్తే పక్కనున్న గోడ పెచ్చులు లెక్కపెట్టుకుంటూ పోయేవాడు.

ఆమె గది షెడ్డుకు ఎదురుగానే ఉంది. అందులో నీళ్ళు లేవు, తడి లేదు. నేల మీద నల్లటి రబ్బరు చాప, గోడకు పెద్ద తెర, కళ్ళకు కట్టుకునే పెట్టెల్లాంటివి నాలుగు. వర్చువల్ రియాలిటీ అంటారు. ఆ పెట్టె కట్టుకుంటే కంప్యూటరు లెక్కకట్టిన నది మనిషి చుట్టూ నిలుస్తుంది. దాని అడుగున నడవొచ్చు. చేతిలో ఉండే మీట నొక్కి వరద పెంచొచ్చు, తగ్గించొచ్చు. ఒక గోడను అటు జరిపితే ప్రవాహం ఎలా మారుతుందో అప్పటికప్పుడు చూడొచ్చు. షెడ్డువాళ్ళు ఆ పెట్టెలకు గంతలు అని పేరు పెట్టారు. పెట్టింది మేస్త్రేనని వేరే చెప్పక్కర్లేదు.

ఒక సోమవారం పొద్దున డైరెక్టరు షెడ్డుకు వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే మాట్లాడాడు. వంతెన మలుపు దగ్గర వరద గోడ కట్టాలి, దాని ఎత్తు తేల్చాలి. మేస్త్రి కట్టిన మలుపునే అసిస్టెంట్లు మూడు రోజులు కెమెరాలతో ఫొటోలు తీసి కంప్యూటరులో పెట్టారు. శుక్రవారం కమిటీ వస్తుంది. పాత వరదను కంప్యూటరు నదిలో వదిలి చూపిస్తారు. నీళ్ళు గీత దగ్గర ఆగితే ఇకమీదట అన్నీ ఆ గదిలోనే.

"ఆగకపోతే?" అన్నాడు మేస్త్రి.

"ఆగకపోతే షెడ్డు ఉంటుంది. ఆగితే తీసేస్తాం. ఇందులో దాచేదేముంది?" అని డైరెక్టరు రుమాలు మడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "దానికి కాస్త సాయం చెయ్యరా. నీ మేనకోడలే కదా."

"దానికి సాయం చేస్తే నా షెడ్డు పోతుందక్కా."

"షెడ్డు నీ సొంతమా ఏంటి?"

మేస్త్రి ఫోన్ పెట్టేశాడు. భార్య కంచం ముందుకు తోసి, "నిజమే అడిగింది కదా మీ అక్క" అంది. ఆ పూట ఆయన అన్నం మీద కూడా కోపం చూపించాడు.

మంగళవారం ఆయనకు గంతల గదినుంచి పిలుపొచ్చింది. నది ఆకారం సరిగ్గా వచ్చిందో లేదో కట్టినవాడు చూసి సంతకం పెట్టాలట. చెప్పులు బయట విప్పమన్నారు. అదే మొదటి అవమానం.

"రండి మేస్త్రిగారూ," అంది ఆమె. సొంత మేనమామని.

"ఎక్కడ నిలబడాలండీ?" అన్నాడు ఆయన. సొంత మేనకోడల్ని.

అసిస్టెంటు గంతలు కట్టాడు. ఒక్కసారిగా గది మాయమైంది. మేస్త్రి నది అడుగున నిలబడి ఉన్నాడు. అరచేత్తో నిమిరి చేసిన ఒడ్డు ఆయన తలకు ఎంతో ఎత్తున కొండలా లేచింది. దిబ్బ వెనకాల తాపీ కొసతో లాగిన చిన్న వంపు, ఎవరూ గమనించని వంపు, ఇప్పుడు వీధంత వెడల్పుగా సాగిపోయింది. పైన ఎక్కడో నీళ్ళు నీలంగా, ఎర్రగా గీతలు గీతలుగా కదులుతున్నాయి. వేగం ఎక్కువున్నచోట ఎరుపట. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వంగి పైనుంచి చూసినదాన్ని ఆయన మొదటిసారి కిందినుంచి చూశాడు. చాలా అందంగా ఉంది. అందంగా ఉన్నందుకు ఆయనకు కడుపు రగిలిపోయింది.

"నడవొచ్చు," అంది ఆమె గొంతు పక్కనుంచి. "ఇక్కడ ఎంత తొక్కినా ఏమీ జారదు."

ఆ మాట ఎందుకన్నదో ఆయనకు తెలియకపోలేదు. వినపడనట్టు నడిచాడు. మలుపులో బండలు ఇళ్ళంత ఇళ్ళంత ఉన్నాయి. ఒకదాని పక్కకు తిరిగేసరికి దాని పొట్టలో ఒక గుంట కనిపించింది. మనిషి ముడుచుకుని పడుకోగలిగేంత గుంట. ఒక పక్క గుండ్రంగా, ఇంకో పక్క ఏటవాలుగా తెగినట్టు ఉంది.

మేస్త్రి అక్కడే నిలబడిపోయాడు. అది ఆయన బొటనవేలు. పోయిన నెల షెడ్డు కడుగుతున్నప్పుడు ఒక రాయి ఊడొస్తే, సిమెంటు ముద్ద వేసి వేలితో నొక్కి మళ్ళీ అతికించాడు. పూత పూయలేదు, బద్ధకించాడు. మిగతా రాళ్ళ మీద వేలి గుర్తులు ఏనాడో పూతల కింద కలిసిపోయాయి. ఈ ఒక్కటే మిగిలింది.

అప్పుడు ఆయన చుట్టూ చూశాడు. మలుపంతా ఆయన రాళ్ళే. నది బండలు నలభై దాకా ఉంటే, వాటి మధ్య ఆయన అతికించినవి తొంభై మూడు. కెమెరాకు తేడా ఏం తెలుస్తుంది? అన్నిటినీ నదిలో ఉన్న బండలనుకుని పట్టుకొచ్చేసింది.

"అడుగున ఇసకా గడ్డీ లాగుతాయి కదా," అన్నాడు చాలా మామూలుగా. "ఆ లెక్క ఎట్లా?"

"అది వేరే ఇచ్చాం. అసలు నది అడుగు ఎంత లాగుతుందో ఆ అంకె కంప్యూటర్లో ఉంది."

అంటే లాగుడు రెండుసార్లు పడింది. అంకె ఒకసారి లాగుతుంది, రాళ్ళు ఒకసారి లాగుతాయి. నీళ్ళు కదలలేక పైకి లేస్తాయి. శుక్రవారం గీత దాటి పోతాయి. మేస్త్రికి ఈ సంగతి అరనిమిషంలో తట్టింది. ఆ గదిలో ఉన్న ఇంత చదువుకూ తట్టలేదు. గంతల లోపల ఆయన ముఖం ఎవరికీ కనపడలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ నవ్వు చూసి పిల్లలు దడుచుకునేవారు.

"ఎలా ఉంది మేస్త్రిగారూ?"

"బాగుంది," అని సంతకం పెట్టేశాడు.

ఆయన నోటినుంచి ఎవరి పని గురించైనా ఆ మాట రావడం ఆ కేంద్రంలో అంతకుముందు ఎవరూ వినలేదు. ఆయన అది గమనించుకోలేదు. గమనించుకోవాల్సింది.

గురువారం మధ్యాహ్నం ఆమె షెడ్డు దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడింది. పంపాయన, అంటే పాతికేళ్ళుగా ఆ పంపు నడిపే ముసలాయన, నూనెగుడ్డ చేత్తో పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మలుపులో ఉన్న రాళ్ళన్నీ నదిలో ఉన్నవేనా?" అంది ఆమె.

"డ్రాయింగులో చూసుకో."

"డ్రాయింగులో ఏ రాయీ లేదు, ఒడ్లే ఉన్నాయి. నువ్వు పెట్టినవేమైనా ఉన్నాయా?"

"ముప్ఫై ఏళ్ళనుంచి పెడుతున్నా. అన్నీ గుర్తుంటాయా ఏంటి?"

"నదికెళ్ళి కొలుచుకుందామంటే ఇప్పుడు నిండా నీళ్ళు. ఎండాకాలం దాకా ఎవరూ దిగలేరు. నువ్వొక్కడివే చెప్పగలవు."

"అయితే ఎండాకాలం దాకా ఆగు. తొందరేముంది, నీ నదిలో ఎంత తొక్కినా ఏమీ జారదు కదా."

ఆమె "సరే," అని వెళ్ళిపోయింది. ఆ సరే చల్లగా ఉంది.

"చెప్పేస్తే పోయేది కదయ్యా," అన్నాడు పంపాయన.

"పోయేదే. షెడ్డు, దాంతోపాటు నీ పంపు కూడా. నువ్వు నీ నూనె చూసుకో."

శుక్రవారం కమిటీ వాళ్ళు అయిదుగురు వచ్చారు. వాళ్ళలో పెద్ద తలకాయ ఒక తెల్లజుట్టు ఆవిడ, రిటైరైన ఇంజినీరు. మేస్త్రికి వెనక గోడ పక్కన కుర్చీ వేశారు. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. తన షెడ్డు బతకడం కళ్ళారా చూద్దామని.

ఆమె గంతలు కట్టుకుని మధ్యలో నిలబడింది. ఆమె చూస్తున్నది తెర మీద అందరికీ కనిపిస్తోంది. మీట నొక్కింది. పాత వరద పైనుంచి దిగింది, మలుపు తిరిగింది, వంతెన స్తంభాన్ని పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. గీత దగ్గరికొచ్చింది. ఆగలేదు. గీత మునిగింది. ఇంకా ఎక్కింది. గీతకు నూట ఇరవై సెంటీమీటర్ల పైన ఎక్కడో నిలిచింది.

డైరెక్టరు ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. మేస్త్రి కాలు మీద కాలు వేసుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన ఇంత సుఖంగా ఎప్పుడూ కూర్చోలేదు.

"తప్పెక్కడుంది?" అంది పెద్దావిడ.

డైరెక్టరు తడుముకున్నాడు. "నది ఆకారం మొత్తం షెడ్డు మోడల్ నుంచే తీసుకున్నామండీ. మేస్త్రే చూసి సంతకం పెట్టాడు."

"అయితే మోడలే తప్పన్నమాట," అంది ఆవిడ మామూలుగా, కాగితం మీద ఏదో రాసుకుంటూ. "మిగతా నదులు కూడా ఆయన కట్టినవేనా?"

"పన్నెండూ ఆయనవేనండీ."

"వాటి లెక్కలన్నీ మళ్ళీ చూసుకోవాలేమో మరి."

పక్కనున్న కుర్రసభ్యుడు నవ్వాడు. "చేత్తో కట్టేవి అంతేనండీ. అటూ ఇటూగా ఉంటాయి."

మేస్త్రి కాలు మీదినుంచి కాలు దించాడు. మేనకోడలి వైపు చూశాడు. ఆమె గంతలు నుదుటి మీదికి తోసుకుని, మీట పట్టుకున్న చేతి గోళ్ళు చూసుకుంటోంది. తన లెక్క తప్పిందని కంగారు పడడం లేదు. మోడల్ తప్పు కాదని చెప్పడమూ లేదు.

"నా నది తప్పు కాదు," అన్నాడు మేస్త్రి లేచి. "షెడ్డుకు రండి. ఇప్పుడే నీళ్ళు వదులుతా. గీత దగ్గర ఆగకపోతే నా చెయ్యి నరికేయండి."

"అక్కడ ఆగుతాయేమో," అంది పెద్దావిడ. "అదే ఆకారం, అవే నీళ్ళు. మరి ఇక్కడెందుకు ఆగలేదు? అది చెప్పండి."

చెప్పకుండా ఉంటే ఆయన నదులు పన్నెండూ తప్పులుగా మిగిలిపోతాయి. చెబితే షెడ్డు పోతుంది. చల్లని బుర్ర ఉన్నవాడైతే ఒక పూట గడువడిగి ఆలోచించుకునేవాడు. కానీ ఆ కుర్రసభ్యుడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మేస్త్రి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఎందుకాగుతాయి? మీ అంకె ఒకపక్క లాగుతోంది, నా రాళ్ళు ఒకపక్క లాగుతున్నాయి. అవి నదిలో బండలు కావు. నేను అతికించినవి. వేలెడు రాళ్ళని ఇళ్ళు చేసి చూపించి, తప్పు నాదంటారా?"

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. తెలిసేసరికి ఆమె నడిచొచ్చి గంతలు ఆయన చేతికి అందిస్తోంది.

"ఏవి మీవో చూపిస్తారా మేస్త్రిగారూ? చూసి ఈ మీట నొక్కితే ఆ రాయి పోతుంది."

ఇంత దూరం వచ్చాక వెనక్కి తగ్గడం ఆయన ఒంట్లో లేదు. కట్టుకున్నాడు. మలుపులో దిగాడు. మొదటి రాయి దగ్గర నిలబడి, "ఇది నాది," అని నొక్కాడు. ఇల్లంత రాయి ఆవిరైపోయింది. "ఇది నాది. ఇది ఏటిది, ఉండనివ్వండి. ఇది నాది." ఎక్కడా తడబడలేదు. దిబ్బ కింద నాలుగు, స్తంభం ఎగువన ఏడు, లోపలి ఒడ్డున వరసగా పంతొమ్మిది. ఒక్కొక్కటి ఎంతసేపు జరిపి జరిపి పెట్టాడో ఆయన మోకాళ్ళకు తెలుసు. అసిస్టెంటు పక్కనుంచి నీటిమట్టం చదువుతున్నాడు. "తొంభై. డెబ్భై అయిదు. నలభై." గదిలో కుర్చీలు ముందుకు జరుగుతున్న చప్పుడు వినిపించింది. ఎవరో "అబ్బ" అన్నారు. కుర్రసభ్యుడి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఒకప్పుడైతే అదంతా ఆయనకు పండగలా ఉండేది. ఇప్పుడు ఆ అంకె దిగినప్పుడల్లా షెడ్డు రేకు ఒకటి ఊడినట్టే ఉంది.

తొంభై రెండు తీశాక ఆగాడు. నీళ్ళు గీతకు ఒక వేలెడు పైన ఉన్నాయి.

"అయిపోయాయి," అన్నాడు.

"ఇది చాలండీ, బ్రహ్మాండం," అంది పెద్దావిడ.

ఆ గుంట ఉన్న రాయి ఆయన ఎదుటే ఉంది. దాన్ని తీయలేదు. ఎందుకు తీయలేదంటే చెప్పలేడు. అన్నీ తీసుకున్నారు కదా, ఇదొక్కటి ఇక్కడ పడి ఉండనీ, ఈ దిక్కుమాలిన గదిలో తన వేలు ఒక్కటి మిగలనీ అనిపించింది. ఆ మాత్రం కక్ష ఆయనకు కావాలి.

పక్కన ఎవరో వచ్చి నిలబడినట్టయింది. ఆమె కూడా ఇంకో జత గంతలు కట్టుకుని నదిలోకి దిగింది. తెల్లటి చేతి ఆకారం ఒకటి గాలిలో తేలుతూ వచ్చి ఆ గుంట మీద ఆగింది.

"ఇదొక్కటీ?"

"అది ఏటిది."

ఆమె గొంతు తగ్గించింది. ఆయనకు తప్ప ఎవరికీ వినపడలేదు. "ఏటి రాళ్ళకి బొటనవేలి గుర్తులుండవు మావయ్యా."

నొక్కింది. రాయి పోయింది. నీళ్ళు వేలెడు దిగి, గీత మీదికొచ్చి నిలిచాయి.

చప్పట్లు కొట్టారు. ఆమెకు కాదు, మేస్త్రికి. పెద్దావిడ లేచొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. డైరెక్టరు మొదటిసారి రుమాలు లేకుండా నవ్వాడు. గది ఖాళీ అయ్యేదాకా మేస్త్రి గోడకు ఆనుకునే ఉన్నాడు.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"నువ్వు బాగుందన్నావు చూడు, ఆ రోజునుంచి," అంది ఆమె తీగలు చుట్టుకుంటూ. "నువ్వు బాగుందన్నావంటే ఎక్కడో కొంప మునిగిందని అర్థం. నువ్వు నడిచిందంతా కంప్యూటర్లో వెనక్కి తిప్పి, నువ్వు ఆగిన చోటల్లా చూశా. ఆ గుంట కనపడింది."

"అది నా వేలని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఎనిమిదేళ్ళప్పుడు వారం రోజులు నా చెంప అద్దంలో చూసుకున్నా. నాలుగు వేళ్ళు నిలువుగా, ఒకటి వంకరగా."

మేస్త్రి కుడి బొటనవేలిని పిడికిట్లోకి ముడుచుకున్నాడు. "తెలిసీ అందరి ముందూ నా నది తప్పంటుంటే నోరు మూసుకున్నావా?"

"ఆ ఒక్క రాయే తెలిసింది నాకు. మిగతావి నువ్వే చెప్పాలి. గురువారం గడపదాకా వచ్చి అడిగా. చెప్పావా?" తీగ చుట్ట బల్ల మీద పెట్టింది. "నీ పని తప్పంటే నువ్వు ఊరుకోలేవని నాకు తెలుసు. అదొక్కటే దారి మిగిల్చావు మావయ్యా."

"పెద్దదానివయ్యావు. మేనమామని పదిమందిలో ఉడికించి పని లాక్కునేంత పెద్దదానివయ్యావు."

"పదిమందిలో అనకు. అయిదుగురే ఉన్నారు. నా అప్పుడు పదకొండు మంది."

ఆయన తలుపు దాకా వెళ్ళాడు. ఆమె వెనకనుంచి అంది. "సోమవారం తొమ్మిదికి రా. ఇంకా పదకొండు నదులున్నాయి. అన్నీ ఫొటోలు తీసేశారు. అన్నిట్లోనూ నీ రాళ్ళున్నాయి."

"నా ఒంట్లో ప్రాణముండగా రాను."

"నీ ఇష్టం. రాకపోతే అన్నిట్లోనూ నీళ్ళు గీత దాటే నిలబడతాయి. కింద మాత్రం రాస్తా, షెడ్డు మేస్త్రి కట్టిన మోడల్ ప్రకారం అని."

మేస్త్రి తలుపు దభాలున వేసి వెళ్ళిపోయాడు. శని ఆదివారాలు ఇంట్లో ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. అక్క ఫోన్ చేస్తే తీయలేదు. భార్య ఒకసారి, "వెళ్తారా?" అని అడిగి, ఆయన చూసిన చూపుకు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున షెడ్డు రేకులు ఊడదీయడం మొదలైంది. పంపాయన తన సామాను ఒక సంచిలో వేసుకుని బయట గట్టు మీద కూర్చున్నాడు. తొమ్మిదికి పావుగంట ముందే, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వచ్చే వేళకే, మేస్త్రి వచ్చాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆయన షెడ్డు వైపు వెళ్ళలేదు. గంతల గది ముందు చెప్పులు విప్పి, తాళం వేసున్న తలుపు దగ్గర నిలబడ్డాడు.

తొమ్మిదికి ఆమె వచ్చి తాళం తీసింది. రమ్మనలేదు. ఆయనా వస్తున్నానని చెప్పలేదు.

గంతలు కట్టుకున్నాడు. ఆయన కట్టిన మొట్టమొదటి నది చుట్టూ నిలిచింది. ఎడమ ఒడ్డు కింద ఒక రాయి ఉంది. పెద్దమేస్త్రి పక్కన నిలబడి ఎనిమిదిసార్లు పీకించి, తొమ్మిదోసారి ఉండనిచ్చిన రాయి.

"ఇది నాది," అని నొక్కాడు.

పక్కన కుర్చీలో ఆమె కలం మూత తీసి, కాగితం మీద ఒకటి అంకె వేసి, ఆ రాయి ఎక్కడుండేదో రాసుకుంది.